ఎయిర్‌షిప్పులనూ రెండంతస్తుల రెక్కల బాంబర్లనూ ఇరవై ఏళ్లు నమ్ముకోవడం మూర్ఖత్వమేనా?

చరిత్ర_చదువరి

రెండు ప్రపంచ యుద్ధాల నడిమి కాలం గురించి ఈ మధ్య ఒక వీడియో చూశాను. ఆనాటి సైన్యాధికారులకు ముందుచూపు లేదని, అందుకే తేలికైన వాయువు నింపి ఎగరేసే ఎయిర్‌షిప్పులనే గ్యాసు సంచుల మీదా, గంటకు 110 మైళ్ల వేగాన్ని కూడా అందుకోలేని బైప్లేన్ (రెండంతస్తుల రెక్కల) బాంబర్ల మీదా ప్రజాధనాన్ని తగలేశారని అందులో ఒక్క మాటతో తేల్చేశారు. ఆ మాట నాకు మింగుడుపడలేదు. 1921లో ఆర్-38, 1922లో రోమా, 1923లో డిక్స్‌మూడ్, 1925లో షెనాండోవా, 1930లో ఆర్-101, 1933లో ఆక్రన్, 1935లో మేకన్ అనే ఎయిర్‌షిప్పులు వరుసగా నాశనమైన మాట నిజమే. హేఫోర్డ్ అనే బైప్లేన్ బాంబరు 1930లో తొలిసారి ఎగిరి, 1933లో దళంలో చేరిన మాటా నిజమే. అయినా చదువుకున్న ఇంజనీర్లూ, యుద్ధం చూసి వచ్చిన అధికారులూ ఇంతమంది కలిసి ఇంత కాలం ఒకే పొరపాటు చేస్తూ పోయారంటే నమ్మశక్యంగా లేదు. దీని వెనుక ఉన్న కారణాలు తెలిసినవారు వివరంగా రాయగలరు. నిజాం నవాబు తన సొమ్ముతో ‘హైదరాబాద్’ అనే బాంబరును తయారు చేయించారని కూడా ఆ వీడియోలో చెప్పారు. అది ఎంతవరకు నిజం?

సికింద్రాబాదీ

చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను. అక్కడ రెండు వేర్వేరు సంగతులను కలిపేశారు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ సొమ్ము ఇచ్చినది 1918లో రాయల్ ఎయిర్ ఫోర్స్ 110వ స్క్వాడ్రన్‌కు అందిన డీహెచ్-9ఏ విమానాల కోసం. ఒకే ఇంజను గల ఆ పగటి బాంబరును మొట్టమొదట యుద్ధరంగానికి తీసుకువెళ్లినది ఆ స్క్వాడ్రనే. అందుకే దాని పేరుకు ‘హైదరాబాద్’ అని చేర్చారు. దాని చిహ్నంలోని పులి కూడా నిజాం రాజచిహ్నం నుండి తీసుకున్నదే. విమానాల పక్కభాగం మీద ఇది నిజాం కానుక అని రాసి ఉండేది. వాటిలో ఎఫ్-1010 అనే విమానం 1918 అక్టోబరులో జర్మన్లకు చిక్కి, బెర్లిన్‌లో మ్యూజియం వస్తువై, తరువాత పోలండ్ చేరి, 1977లో తిరిగి బ్రిటన్‌కు వచ్చింది. లండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో దాన్ని నేను చూశాను. మన ఊరి పేరును ఆ గుడ్డ పొర మీద చదివినప్పుడు చాలాసేపు అక్కడి నుండి కదలబుద్ధి కాలేదు.

హ్యాండ్లీ పేజ్ కంపెనీ తయారు చేసిన ‘హైదరాబాద్’ పూర్తిగా వేరే విమానం. అది రెండు ఇంజన్ల రాత్రి బాంబరు. ప్రయాణికుల విమానం డబ్ల్యూ-8 నుండి రూపొంది, 1923లో మొదటిసారి ఎగిరి, 1925 చివర్లో 99వ స్క్వాడ్రన్‌లో చేరింది. రాయల్ ఎయిర్ ఫోర్స్ వాడిన పెద్ద బాంబర్లలో చెక్కతో కట్టిన ఆఖరిది అదే. ఆ కంపెనీ బాంబర్ల పేర్లు హైదరాబాద్, హినైది, హేఫోర్డ్, హ్యారో అంటూ ఒకే అక్షరంతో సాగాయి. నిజాం ఖజానాకూ ఈ విమానానికీ ఎలాంటి లావాదేవీ లేదు.

లోహశాస్త్రి

రెండంతస్తుల రెక్కల సంగతి నేను చెబుతాను. పై రెక్కకూ కింది రెక్కకూ మధ్య నిలువు కర్రలు నిలబెట్టి, మూలల నుండి మూలలకు ఉక్కు తీగలు బిగిస్తే ఆ మొత్తం ఒకే దూలంలా పనిచేస్తుంది. నులక మంచంలో పట్టెలు ఎంత సన్నగా ఉన్నా నులక బిగింపు వల్ల మనిషి బరువును మోసినట్లే, ఇక్కడ బలమంతా తీగల బిగింపులో ఉంటుంది. కాబట్టి తేలికైన చెక్కతోనూ గుడ్డతోనూ చాలా పెద్ద రెక్కలను కట్టవచ్చు. ఒంటి రెక్కను తీగల ఆసరా లేకుండా నిలబెట్టాలంటే రెక్క లోపలి దూలం ఎంతో దళసరిగా ఉండాలి, లేదా పైన కప్పిన లోహపు రేకే బరువులో వాటా పంచుకోవాలి. ఆ రేకుల నిర్మాణం మీద నమ్మకమైన లెక్కలు, ఆ లెక్కలకు సరిపడే మిశ్రమ లోహాలు, వాటిని బిగించే పనివారు అందరికీ అందుబాటులోకి వచ్చేసరికి 1930లు వచ్చేశాయి. తీగల వల్ల గాలి నిరోధం పెరిగి వేగం తగ్గుతుందని వారికి తెలియక కాదు. ఇంజను శక్తి తక్కువగా ఉన్న రోజుల్లో, గడ్డి మైదానంలో రాత్రిపూట దీపాల వెలుగులో నెమ్మదిగా దిగవలసిన బాంబరుకు వేగం కంటే రెక్కల విస్తీర్ణమే ఎక్కువ అవసరమైంది.

పాత_ఇంజను

లోహశాస్త్రి గారి వివరణ బాగుంది కానీ సగం దూరమే వెళ్లింది. జర్మనీలో యూంకర్స్ 1915లోనే తీగలు లేని లోహపు మోనోప్లేన్‌ను (ఒంటి రెక్కల విమానాన్ని) ఎగరేశారు. సోవియట్ రష్యాలో తుపొలేవ్ బృందం తయారు చేసిన టీబీ-1 అనే రెండు ఇంజన్ల లోహపు మోనోప్లేన్ బాంబరు 1925లో ఎగిరింది. అదే ఏడాది బ్రిటన్‌లో చెక్క హైదరాబాద్‌ను దళంలో చేర్చుకున్నారు. సాధ్యం కానందువల్ల చేయలేదని అనడం సరికాదు.

లోహశాస్త్రి

పాత_ఇంజను గారు ఎత్తి చూపిన ఉదాహరణలు నిజమైనవే. అయితే ఒక దేశంలో ఒక కర్మాగారం చేయగలగడం వేరు, ఒక వైమానిక దళం మొత్తం దాని మీద ఆధారపడటం వేరు. బ్రిటన్ విషయంలో డబ్బును కూడా లెక్కలోకి తీసుకోవాలి. రాబోయే పదేళ్లలో పెద్ద యుద్ధం రాదని భావించి ఖర్చు అంచనాలు వేయాలని 1919 ఆగస్టులో అక్కడి ప్రభుత్వం నిర్ణయించింది. ఆ నిబంధనను పొడిగిస్తూ పోయి 1932లో గానీ వదులుకోలేదు. ఆ తరువాత కూడా జెనీవా నిరాయుధీకరణ సమావేశంలో బాంబర్లను పూర్తిగా నిషేధించాలా, వాటి బరువుకు పరిమితి పెట్టాలా అనే చర్చ సాగుతూనే ఉంది. రేపు నిషేధం పడవచ్చు అనుకున్న వస్తువు కోసం కొత్త యంత్రాలు, కొత్త కర్మాగారాలు పెట్టమని ఏ ఖజానా అధికారి సంతకం చేస్తాడు? ఉన్న రూపాన్నే కొంచెం మెరుగుపరుస్తూ నెట్టుకొచ్చారు. వికర్స్ వర్జీనియా అనే బైప్లేన్ బాంబరు 1924లో చేరి 1930ల ద్వితీయార్ధం దాకా కొనసాగడానికి కారణం అదే.

గగనవిహారి

ఎయిర్‌షిప్పుల విషయంలో ఆ వీడియో చేసిన మొదటి పొరపాటు వాటిని బాంబర్లతో ఒకే గాటన కట్టడం. బాంబులు వేసే ఎయిర్‌షిప్పు కథ మొదటి ప్రపంచ యుద్ధంలోనే ముగిసింది. 1916 సెప్టెంబరు 3న లండన్ పరిసరాల్లో లీఫ్ రాబిన్సన్ అనే పైలట్ నిప్పంటించే తూటాలతో ఎస్ఎల్-11 అనే జర్మన్ ఎయిర్‌షిప్పును కూల్చాక, హైడ్రోజన్ నింపిన గాలి ఓడతో శత్రునగరం మీదికి పోవడం ఆత్మహత్యతో సమానమని అందరికీ అర్థమైంది. యుద్ధం తరువాత అమెరికా నౌకాదళం వీటిని కట్టినది సముద్రం మీద నిఘా కోసం. 1919 జులైలో బ్రిటన్ ఆర్-34 స్కాట్లండ్ నుండి అమెరికాకు 108 గంటలు ఏకధాటిగా ఎగిరి వెళ్లి, తిరిగి కూడా వచ్చింది. అప్పటి ఏ విమానమూ ఇన్ని గంటలు గాలిలో నిలవలేదు. పసిఫిక్ మహాసముద్రం విస్తీర్ణాన్ని ఊహించుకుంటే, రోజుల తరబడి ఎగురుతూ శత్రు నౌకల జాడ తీయగల యంత్రం మీద నౌకాదళానికి ఎందుకు ఆశ పుట్టిందో తెలుస్తుంది.

సన్నీవేల్_సుబ్బు

గగనవిహారి గారు చెప్పినదానికి సాక్ష్యం మా ఇంటి దగ్గరే ఉంది. ఇక్కడ సిలికాన్ వ్యాలీలో ఉద్యోగాలు చేసే తెలుగువారు 101 రహదారి మీద వెళుతూ రోజూ చూసే ఆ బ్రహ్మాండమైన గుమ్మటం లాంటి కట్టడం మేకన్‌ను నిలిపి ఉంచడానికి కట్టిన షెడ్డు, హ్యాంగర్ వన్. పొడవు 1,133 అడుగులు, వెడల్పు 308 అడుగులు. చాలామంది దాన్ని నాసా వారి పాత గోదాము అనుకుంటారు. అది ఉన్న స్థావరానికి మాఫెట్ అనే పేరు 1933 ఏప్రిల్ 4న ఆక్రన్‌తో పాటు అట్లాంటిక్‌లో మరణించిన రియర్ అడ్మిరల్ విలియం మాఫెట్ జ్ఞాపకార్థం పెట్టినది. అమెరికా ఎయిర్‌షిప్పుల కార్యక్రమాన్ని భుజాన వేసుకుని నడిపించిన వ్యక్తి ఆయనే.

ఆక్రన్, మేకన్ రెండూ 785 అడుగుల ఓడలు. వాటి పొట్టలోనే చిన్న హ్యాంగరు ఉండేది. అందులో స్పారోహాక్ అనే బుల్లి బైప్లేన్లను పెట్టుకుని, గాలిలోనే కిందికి దింపి వదిలేవారు. తిరిగి వచ్చిన పైలట్ ఓడ వేగానికి తన వేగాన్ని సరిపెట్టుకుని, పై రెక్క మీద ఉన్న కొక్కేన్ని కింద వేలాడే కడ్డీకి తగిలించాలి. ఆ పని చేసిన పైలట్ల పటం అప్పట్లో ఎవరి గదిలో ఉన్నా న్యాయమే.

నిమ్మకాయల_వారి_తోట

సుబ్బు గారూ, ఆ స్పారోహాక్‌లు ఎయిర్‌షిప్పును కాపాడటానికా, లేక నిఘా కోసమా?

సన్నీవేల్_సుబ్బు

మొదట రక్షణ కోసం అనుకున్నారు. కానీ మేకన్ నడిచే నాటికి పద్ధతి మారింది. ఓడ వెనకనే మబ్బుల చాటున ఉండాలి, విమానాలు రెండు పక్కలా దూరంగా పోయి వెతికి కబురు చెప్పాలి. పొట్టలోకి తిరిగి వచ్చే విమానానికి చక్రాలతో పనేమిటని వాటిని తీసేసి, ఆ స్థానంలో అదనపు ఇంధనపు ట్యాంకు బిగించారు. ఇలాంటి ఆలోచన చేసినవారిని ముందుచూపు లేనివారని ఎలా అంటాం?

గుంటూరు_గోపాలం

అమెరికా ఓడల్లో హైడ్రోజన్‌కు బదులు మంట అంటుకోని హీలియం వాడారన్న సంగతి ఎవరూ రాయలేదు. ఇటలీ నుండి కొన్న రోమా 1922లో వర్జీనియాలో కరెంటు తీగల మీద పడి, హైడ్రోజన్ అంటుకుని 34 మంది చనిపోయాక ఆ దేశం హీలియం వైపు తిరిగింది. ఆ హీలియం కథ మా ఊరి దగ్గర మొదలైంది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడటానికి ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చారు. అక్కడే సూర్యుని వర్ణపటం చూసి హీలియం కనుగొన్నారు.

ఖగోళ_కాంత

గోపాలం గారి అభిమానం అర్థమవుతోంది కానీ ఖచ్చితంగా చెప్పుకుందాం. జాన్సెన్ గుంటూరులో సాధించిన గొప్ప ఫలితం ఏమిటంటే, సూర్యుని అంచు నుండి లేచే జ్వాలలు మండే వాయువులని గుర్తించడం, గ్రహణం లేనప్పుడు కూడా వాటిని చూసే పద్ధతిని మరునాడే అమలు చేయడం. మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి పోగ్సన్ అదే గ్రహణాన్ని మచిలీపట్నం నుండి గమనించారు. వర్ణపటంలోని ఆ పసుపు గీత తెలిసిన ఏ మూలకానిదీ కాదని తేల్చినది ఇంగ్లండ్‌లో ఖగోళ శాస్త్రవేత్త లాకియర్. భూమి మీద ఆ వాయువును పట్టుకున్నది 1895లో రసాయన శాస్త్రవేత్త రామ్సే. మన కోస్తాకు ఇందులో గౌరవప్రదమైన వాటా ఉంది, అది చాలు.

డల్లాస్_తెలుగు

హీలియం ఎంత అరుదైనదో చెబితే అప్పటి ఇబ్బంది తెలుస్తుంది. ఇక్కడ టెక్సాస్‌లోని ఫోర్ట్ వర్త్ కేంద్రంలో సహజవాయువు నుండి దాన్ని వేరు చేసేవారు. 1924లో జర్మనీ నుండి లాస్ ఏంజెలెస్ అనే ఓడ వచ్చినప్పుడు దానిలో నింపడానికి సరిపడా హీలియం లేక, షెనాండోవాలోని హీలియాన్ని దానిలోకి మార్చారు. రెండు ఓడలకు ఒక ఓడ వాయువే ఉంది. కాబట్టి ఒక్క ఘనపుటడుగు కూడా వృథాగా వదలలేరు. ఇంధనం ఖర్చయ్యే కొద్దీ ఓడ తేలికై పైకి లేస్తుంది. హైడ్రోజన్ అయితే కొంత వదిలి కిందికి తేవచ్చు. హీలియం ఓడలో అలా వదలకుండా, ఇంజను పొగలోని నీటి ఆవిరిని చల్లార్చి నీటిగా పట్టి, పోయిన ఇంధనం బరువును ఆ నీటితో భర్తీ చేసేవారు. ఆక్రన్ ఫొటోల్లో పక్కల మీద ఇంజన్లకు పైన నిలువుగా కనిపించే నల్లటి పట్టీలు ఆ నీటిని పట్టే పరికరాలే. ఆ చాతుర్యం చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

పాత_ఇంజను

చాతుర్యాన్ని నేను కాదనను. కానీ ఓడలు ఎందుకు పోయాయో కూడా చెప్పుకోవాలి. ఆర్-38 హల్ నగరం పక్కన హంబర్ నది మీద రెండుగా విరిగి 44 మందిని బలిగొన్నది గట్టి మలుపుల పరీక్షల్లో. షెనాండోవా 1925 సెప్టెంబరు 3న ఒహాయోలో తుఫాను గాలుల్లో విరిగిపోయి 14 మంది మరణించారు. ఆక్రన్‌లో 76 మందికి 73 మంది పోయారు. అది హీలియం ఓడ, మంట లేదు, కానీ లైఫ్ జాకెట్లు లేక చల్లటి నీళ్లలో మునిగిపోయారు. మేకన్ విషయం నాకు మరీ బాధ కలిగిస్తుంది. 1934లో టెక్సాస్ మీదుగా వెళుతున్నప్పుడు గాలి కుదుపులకు వెనుక రెక్కల దగ్గరి దూలాలు దెబ్బతిన్నాయి. ఆ చోటును బలపరిచే పని పూర్తి కాకుండానే దాన్ని విన్యాసాలకు పంపుతూ వచ్చారు. 1935 ఫిబ్రవరి 12న పాయింట్ సూర్ దగ్గర అదే భాగం ఊడిపోయి ఓడ సముద్రంలోకి దిగింది. ఈసారి లైఫ్ జాకెట్లు ఉన్నాయి కనుక 83 మందిలో ఇద్దరే మరణించారు. ఆలోచన తప్పు కాదు, తొందర తప్పు.

గగనవిహారి

తొందర అన్న మాట ఆర్-101కు మరింత వర్తిస్తుంది. పాత_ఇంజను గారి జాబితాలో అది లేదు కాబట్టి చేరుస్తున్నాను. బ్రిటిష్ ప్రభుత్వం సామ్రాజ్యాన్ని గాలిదారిన కలపాలని కట్టించిన ఓడ అది. ప్రయాణికుల ఓడ అయినా అవసరమైతే సైనికులను మోయాలనే ఆలోచన కూడా ఆ పథకంలో ఉండేది. గ్యాసు సంచుల లోపలి పొర ఎద్దుల పేగుల చర్మంతో చేసినది. డీజిల్ ఇంజన్లు అనుకున్నదానికంటే బరువయ్యాయి. మోయగల బరువు చాలలేదని ఓడను మధ్యలో కోసి ఇంకొక గ్యాసు సంచికి సరిపడా భాగాన్ని చేర్చి, సరైన పరీక్షలు జరపకుండానే వైమానిక శాఖ మంత్రి లార్డ్ థామ్సన్‌ను ఎక్కించుకుని కరాచీకి బయలుదేరదీశారు. 1930 అక్టోబరు 5 తెల్లవారుజామున ఫ్రాన్స్‌లోని బోవే దగ్గర కూలి, 54 మందిలో 48 మంది మరణించారు. దానికోసం కరాచీలో కట్టిన మహా హ్యాంగరులోకి ఏ ఎయిర్‌షిప్పూ ఎన్నడూ రాలేదు.

కృష్ణాతీరం

ఇంతవరకు అందరూ యంత్రాల వైపు నుండి రాశారు. ఆ బాంబర్ల కింద ఎవరున్నారో ఒక్కరూ అడగలేదు. నాకు కనిపించే అసలు జవాబు అక్కడే ఉంది. సికింద్రాబాదీ గారు చెప్పిన డీహెచ్-9ఏ 1918లో జర్మన్ ఫైటర్లకు ఎదురైనప్పుడు ఆ స్క్వాడ్రన్ రెండు నెలల్లోనే తీవ్రంగా నష్టపోయింది. అదే విమానం ఆ తరువాత పదేళ్లకు పైగా ఇరాక్‌లోనూ, భారత వాయవ్య సరిహద్దులోనూ నిక్షేపంగా పనిచేసింది. విమానం మెరుగుపడలేదు. కింద ఉన్న గిరిజనుల దగ్గర విమానాలూ, విమాన విధ్వంసక తుపాకులూ లేవు. 1919 మే 24న రిసాల్‌పూర్ నుండి కెప్టెన్ హాలీ నాలుగు ఇంజన్ల హ్యాండ్లీ పేజ్ వీ-1500ను ఖైబర్ మీదుగా నడుపుకుంటూ పోయి కాబూల్ రాజప్రాసాదం మీద బాంబులు వేశారు. అడ్డుకోవడానికి ఎవరూ లేరు. 1925లో వింగ్ కమాండర్ పింక్ వజీరిస్తాన్‌లో 54 రోజులు విమానాలతోనే యుద్ధం నడిపి ఊళ్లనూ పశువుల మందలనూ చెదరగొడితే, దళం పోగొట్టుకున్నది రెండు ప్రాణాలు, ఒక విమానం. 1922 నుండి ఇరాక్‌ను అదుపులో ఉంచే బాధ్యతే వైమానిక దళానికి అప్పగించారు, ఎందుకంటే సైనిక పటాలాల కంటే అది చౌక. ఎదురు తుపాకీ లేనిచోట గంటకు 110 మైళ్లు చాలా ఎక్కువ వేగం. వేగం పెంచమని అడిగే అవసరం ఎవరికీ కలగలేదు. ఈ మాటను దాటవేసి తీగలూ రెక్కలూ మాత్రమే చర్చించుకుంటే కింద కాలిపోయిన ఇళ్లకు అన్యాయం చేసినట్లే.

కంటోన్మెంట్_కథలు

కృష్ణాతీరం గారి ఆవేదనతో ఏకీభవిస్తూనే ఒక సంగతి చేరుస్తాను. 1928 డిసెంబరు 23 నుండి 1929 ఫిబ్రవరి 25 వరకు కాబూల్ అంతర్యుద్ధంలో చిక్కుకున్న 586 మందిని మంచు కొండల మీదుగా తరలించినది కూడా ఇలాంటి నిదానపు బైప్లేన్లే. వికర్స్ విక్టోరియా రవాణా విమానాలు ప్రధానంగా పనిచేశాయి, వాటితో పాటు ఒక హినైది కూడా ఉంది. చిన్న మైదానంలో దిగి, భారీ బరువుతో లేవగలగడం అక్కడ ప్రాణాలు కాపాడింది. మా తాతగారు అప్పటి సైన్యంలో గుమాస్తాగా పనిచేసేవారు. ఆ విమానాల్లో తిరిగి వచ్చినవారి గురించి ఇంట్లో చెప్పేవారు.

కృష్ణాతీరం

ఆ సేవను నేను తక్కువ చేయడం లేదు. అక్కడ కూడా విమానాలను కూల్చే సైన్యం ఎదురుగా లేదన్నది గమనించమంటున్నాను.

సికింద్రాబాదీ

ఈ వరుసలో మన దేశపు దళం కూడా ఉంది. 1932 అక్టోబరు 8న ఏర్పడిన భారత వైమానిక దళం తొలి స్క్వాడ్రన్ 1933 ఏప్రిల్ 1న కరాచీలోని డ్రిగ్ రోడ్‌లో నాలుగు వాపిటి బైప్లేన్లతో మొదలైంది. డీహెచ్-9ఏ విడిభాగాలు గోదాముల్లో కుప్పలుగా మిగిలి ఉండటంతో, వాటిని వీలైనంత వాడుకోవాలన్న షరతు మీద రూపొందిన విమానమే వాపిటి. 110వ స్క్వాడ్రన్ నడిపిన రకం రెక్కలే మన పైలట్ల చేతికి ఆ దారిన అందాయి.

చరిత్ర_చదువరి

కృష్ణాతీరం గారి వాదన నా ప్రశ్నకు చాలా దగ్గరగా వచ్చింది. మరి ఐరోపాలో, ఎదురు నిలిచే శక్తి ఉన్న దేశాల మధ్య కూడా బాంబరును ఆపలేమని అందరూ ఎందుకు నమ్మారు? 1932 నవంబరు 10న మాజీ ప్రధాని బాల్డ్విన్ బ్రిటిష్ పార్లమెంటులో బాంబరు ఎలాగైనా చొచ్చుకుని వస్తుందని అన్నారు కదా.

లోహశాస్త్రి

ఆనాటికి ఆ మాటలో నిజముంది. ఫైటరు కూడా బైప్లేనే, బాంబరు కంటే గంటకు కొన్ని పదుల మైళ్లే ఎక్కువ వేగం. శబ్దం విని, కళ్లతో చూసి, పైలట్ విమానం ఎక్కి ఎత్తుకు చేరేలోపు బాంబరు పని ముగించుకుని పోతుంది. ఈ లెక్కను తలకిందులు చేసిన పరీక్షలో లక్ష్యంగా ఎగిరినది కూడా బైప్లేన్ బాంబరే. 1935 ఫిబ్రవరి 26న డావెంట్రీ దగ్గర బీబీసీ ప్రసార కేంద్రం తరంగాలు ఒక హేఫోర్డ్ నుండి పరావర్తనం చెందడాన్ని శాస్త్రవేత్తలు వాట్సన్ వాట్, విల్కిన్స్ గుర్తించారు. దాదాపు 8 మైళ్ల దూరం వరకు దాని జాడ తెలిసింది. రాడార్ కేంద్రాల గొలుసు కట్టడానికి దారి అక్కడ తెరుచుకుంది.

నిమ్మకాయల_వారి_తోట

హేఫోర్డ్ ఫొటో ఇప్పుడే చూశాను. విమానం ఒళ్లు పై రెక్కకు అంటుకుని ఉంది, కింది రెక్క చాలా కింద ఉంది. నేల నుండి 17 అడుగుల ఎత్తు. చక్రాలు నేలను తాకిన సంగతి పైలట్‌కు కింద ఉన్నవారు కేకేసి చెప్పవలసి వచ్చేదేమో! ఎందుకలా కట్టారు?

లోహశాస్త్రి

పైన కూర్చున్న తుపాకీదారులకు చుట్టూ అడ్డు లేకుండా కనబడాలని. కింది రెక్క మధ్యభాగాన్ని దళసరిగా చేసి బాంబులను అందులో పెట్టారు, నేలకు దగ్గరగా ఉండటం వల్ల సిబ్బంది త్వరగా నింపగలిగేవారు. కడుపు కింద నుండి గొట్టంలా దిగే తుపాకీ గూడు కూడా ఉండేది. మొత్తం 124 తయారయ్యాయి. 1930 ఆలోచనలకు అది చక్కని జవాబే, 1936 నాటికి ప్రశ్న మారిపోయింది.

గగనవిహారి

ఎయిర్‌షిప్పు విషయంలోనూ ప్రశ్న అలాగే మారింది. మేకన్ మునిగిన నెలన్నరకు, 1935 మార్చి 28న, తరువాత కాటలీనాగా ప్రసిద్ధమైన నీటి విమానం తొలి నమూనా ఎగిరింది. సముద్రం మీద దూరపు నిఘా పని అలాంటి విమానాలకు పోయింది.

పాత_ఇంజను

ఎయిర్‌షిప్పూ బాంబరూ ఒకే మనిషి జీవితంలో కలిసిన ఘట్టం ఒకటుంది. అమెరికా సైన్యపు వైమానిక అధికారి బిల్లీ మిచెల్ 1921 జులై 21న మార్టిన్ బైప్లేన్ బాంబర్లతో ఓస్ట్‌ఫ్రీస్‌లాండ్ అనే జర్మన్ యుద్ధనౌకను ముంచి చూపారు. లంగరు వేసి, మనుషులు లేకుండా, ఎదురు కాల్పులు లేకుండా ఉన్న నౌకను ముంచడం గొప్ప కాదని నౌకాదళం అన్నది. ఆ అభ్యంతరం కృష్ణాతీరం గారి వాదనకు దగ్గరగా ఉంది. నాలుగేళ్లకు షెనాండోవా కూలినప్పుడు ఆయన నౌకాదళాన్నీ యుద్ధ శాఖనూ నేరపూరితమైన నిర్లక్ష్యమని బహిరంగంగా నిందించారు. దానికి సైనిక న్యాయస్థానం 1925 డిసెంబరులో ఆయనను దోషిగా తేల్చింది.

కంటోన్మెంట్_కథలు

రెండో ప్రపంచ యుద్ధం నాటికి బైప్లేన్లన్నీ మూలపడ్డాయా?

పాత_ఇంజను

లేదు. 1940 నవంబరు 11 రాత్రి ఇటలీలోని టరాంటో రేవులో నిలిచి ఉన్న యుద్ధనౌకలను దెబ్బతీసినవి విమానవాహక నౌక నుండి వెళ్లిన 21 స్వోర్డ్‌ఫిష్ బైప్లేన్లు. సోవియట్ మహిళా పైలట్లు 1942 నుండి చెక్క పొలికర్పోవ్ బైప్లేన్లలో రాత్రుళ్లు జర్మన్ స్థావరాల మీద బాంబులు వేశారు.

కృష్ణాతీరం

రెండూ రాత్రి దాడులే. అదే స్వోర్డ్‌ఫిష్‌లు ఆరు 1942 ఫిబ్రవరి 12న ఇంగ్లిష్ చానెల్‌లో పట్టపగలు జర్మన్ నౌకల మీదికి వెళితే ఆరూ కూలిపోయాయి. వాటిలో ఉన్న 18 మందిలో అయిదుగురే బతికారు.